డైవ్ వాచీల డైరీ: ఉప్పునీళ్లకు ఏది, పెళ్లికి ఏది

ఆగస్టు 11

నా దగ్గర మూడు డైవ్ వాచీలు (నీళ్లలో లోతుకి దిగేవాళ్ల కోసం చేసినవి) ఉన్నాయి. వంతులవారీగా మూడింటినీ పెట్టుకుని, చూసింది చూసినట్టు రాసుకుందామని ఈ డైరీ మొదలుపెట్టాను. వర్క్‌షాప్ గ్రీజుకీ రుషికొండ అలలకీ తట్టుకునే వాచీ పెళ్లిలో కూడా బాగుంటుందా, పెళ్లిళ్ల కోసం వేరేది కొనాలా అన్నది తేలాలి.

ముందు కొలతలు. నా మణికట్టు చుట్టూ 16.5 సెంటీమీటర్లు. సీకో ఎస్‌కెఎక్స్ 007 వెడల్పు 42.5 మిల్లీమీటర్లు, మందం 13.25. ఇది 1996లో వచ్చిన మోడల్, తయారీ ఆగిపోయింది. నాది సెకండ్‌హ్యాండ్. ఓరియెంట్ కమసు 41.8 వెడల్పు, 12.8 మందం. సిటిజన్ ప్రోమాస్టర్ బిఎన్ 0150 వెడల్పు 44, కానీ మూడింటిలో పలచనిది అదే. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని చూశాను. ప్రోమాస్టర్ కఫ్ కిందకి సులువుగా జారింది. కమసుకి గుండీ కొంచెం బిగిసింది. సీకో కఫ్ అంచు దగ్గరే ఆగిపోయింది. వాచీ కొనేటప్పుడు అందరం వెడల్పే అడుగుతాం. చొక్కా అడిగేది మందం.

ఆగస్టు 25

రోజూ ఉదయం ఏడింటికి ఫోన్ టైముతో సరిచూస్తున్నాను. సీకో రోజుకు 11 సెకన్లు ముందుకు పోతోంది, కమసు 6. ఆటోమేటిక్ వాచీలకు (చేతి కదలికతోనే కీ ఎక్కేవి) ఇది మంచి లెక్కే. ప్రోమాస్టర్ వెలుతురుతో చార్జ్ అయ్యే క్వార్ట్జ్, రెండు వారాలకు కలిపి 3 సెకన్లు.

రెండు రోజులు పక్కన పెడితే సీకో ఆగిపోతుంది. అందులోని 7ఎస్26 మెషీన్‌కు చేత్తో కీ ఇచ్చే వీలు లేదు. ఊపి, పెట్టుకుని తిరగాలి. టైము సరిచేసేటప్పుడు సెకన్ల ముల్లు కూడా ఆగదు. కమసుకు ఆ రెండు సౌకర్యాలూ ఉన్నాయి. అప్పుడప్పుడు మాత్రమే బయటికి తీసే వాచీకి ఇది పెద్ద తేడా.

సెప్టెంబర్ 14

ఈ నెలంతా వర్క్‌షాప్‌కి సీకో. కీ నాలుగు గంటల దగ్గర ఉండటం వల్ల స్పానర్ బిగించేటప్పుడు చెయ్యి వెనక్కి వంగినా గుచ్చుకోదు. పంపు బాడీకి గీరుకుని గ్లాసు మీద సన్నటి గీత పడింది. హార్డ్‌లెక్స్ (సీకో వాడే గట్టి గాజు) కదా, గీత పడుతుంది కానీ దెబ్బకు ఓర్చుకుంటుంది. కమసుది సఫైర్ గ్లాసు. దాని మీద గీతలు అంత తేలిగ్గా పడవు, గట్టి దెబ్బ అంచున తగిలితే మాత్రం పెచ్చు లేస్తుంది. ఇనుము మధ్య పనిచేసేవాళ్లకు మొదటిదే నయం అనిపిస్తోంది.

మధ్యలో ఒక టెన్షన్. సీకో ఉన్నట్టుండి రోజుకు నిమిషంన్నర ముందుకు పోయింది. ఫోన్‌లో కంపాస్ తెరిచి వాచీని దగ్గరికి తెస్తే ముల్లు తిరిగింది, అంటే అయస్కాంతం పట్టింది. అంతకుముందు రాత్రి దాన్ని స్పీకర్ మీద పెట్టి పడుకున్నాను. వాచీ తప్పేమీ లేదు. డీమాగ్నెటైజర్ (అయస్కాంతం వదలగొట్టే పరికరం) మీద పెట్టి తీస్తే మళ్లీ పాత లెక్కకు వచ్చింది.

అక్టోబర్ 5

రుషికొండలో ఈతకి ప్రోమాస్టర్. దీని డయల్ మీదా, సీకో డయల్ మీదా డైవర్స్ 200 మీటర్లు అని ఉంటుంది. ఆ మాట వాడాలంటే ఐఎస్ఓ 6425 ప్రమాణం ప్రకారం పరీక్ష నెగ్గాలి. రాసిన లోతుకన్నా పాతిక శాతం ఎక్కువ ఒత్తిడి, ఉప్పునీరు, దెబ్బలు, చీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడటం, అన్నీ అందులో ఉంటాయి. కమసు మీద వాటర్ రెసిస్ట్ 200 మీటర్లు అని మాత్రమే ఉంది. ఈతకి అది చాలు. సీకోను మాత్రం సముద్రంలోకి తీసుకెళ్లలేదు. 200 మీటర్లన్నది కొత్తగా ఉన్నప్పటి మాట. లోపలి రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడతాయి. ప్రెజర్ టెస్ట్ చేయించకుండా పాత వాచీతో నీళ్లలో దిగకూడదు.

ఇసుక రేణువులు బెజెల్ (డయల్ చుట్టూ తిరిగే రింగు) కింద ఇరుక్కుని తిప్పితే కరకరమన్నాయి. ఇంటికి రాగానే కుళాయి కింద పట్టి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దుతూ బెజెల్‌ను రెండు చుట్లు తిప్పితే పోయాయి. కీ బిగించి ఉందో లేదో నీళ్లలోకి దిగేముందే చూసుకోవాలి.

నవంబర్ 16

కాకినాడలో చెల్లెలి (బాబాయి కూతురు) పెళ్లి. పట్టుపంచె, తెల్లచొక్కా, కమసు. దాని స్టీల్ చైన్ తీసేసి, 22 మిల్లీమీటర్ల నల్లటి తోలు స్ట్రాప్ వేశాను, లోపల స్పాంజి లేని పలచటిది. స్ట్రాప్ మారగానే వాచీ మనిషే మారినట్టయింది. నీలం డయల్ దీపాల వెలుగులో నిండుగా మెరిసింది. ముందురోజు ప్రోమాస్టర్‌కీ తోలు స్ట్రాప్ వేసి చూశాను. 44 మిల్లీమీటర్ల వాచీకి 20 మిల్లీమీటర్ల స్ట్రాప్ పీలగా ఉండి అస్సలు నప్పలేదు.

జీలకర్ర బెల్లం వేళకి మావయ్య నా చెయ్యి పట్టుకుని, "ఏరా, ఇంకా ఎంతుంది?" అని అడిగారు. నాలుగు నిమిషాలు, మావయ్యా అన్నాను. ముందురోజు రాత్రి సెకన్లతో సహా కలిపి పెట్టుకున్నందుకు ఎంత తృప్తిగా అనిపించిందో.

ఒక్క ఇబ్బంది వచ్చింది. బెజెల్ పళ్లకు కండువా జరీ పోగు తగులుకుంది. గబుక్కున లాగకుండా, బెజెల్‌ను ఒక్కో క్లిక్ తిప్పుతూ విడిపించాను. జరీ కట్టుకున్న రోజు వాచీ కుడిచేతికి మార్చుకోవడం మంచిది, కండువా ఉండేది ఎడమ భుజం మీదే కాబట్టి.

డిసెంబర్ 21

వానలు తగ్గి నీళ్లు తేటపడ్డాక, ఇన్‌స్ట్రక్టర్‌తో మొదటి స్కూబా డైవ్. తొమ్మిది మీటర్ల దాకా వెళ్లాం. దిగగానే బెజెల్ మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెట్టాను. బెజెల్ ఒకవైపే ఎందుకు తిరుగుతుందో అక్కడ బాగా అర్థమైంది. పొరపాటున దేనికో తగిలి కదిలినా, గడిచిన టైము ఎక్కువగానే కనబడుతుంది. అంటే మనం తొందరగా పైకి వస్తాం, ఆలస్యంగా కాదు.

ఇంకో సంగతి. లోతుకు పోయేకొద్దీ ఒంటి మీది డైవింగ్ సూట్ రబ్బరు అణిగి పలచబడుతుంది, చేతికి వాచీ వదులవుతుంది. ప్రోమాస్టర్ రబ్బరు స్ట్రాప్ మీద అలల్లాంటి మడతలు అందుకే. గట్టిగా పెట్టుకుంటే సాగి, సూట్ అణిగినప్పుడు ముడుచుకుంటాయి. చీకట్లో మెరిసే రేడియం పూత (మనం ఇప్పటికీ అలాగే అంటాం, ఈ వాచీల్లో రేడియం లేదు) ఆ పచ్చటి మసక వెలుతురులో ఒక్క చూపుకే అందింది.

జనవరి 4

కొత్త వాచీ కొనడం లేదు. సముద్రానికి ప్రోమాస్టర్. వర్క్‌షాప్‌కి సీకో, గ్లాసు మీద గీతతో సహా. ఆఫీసు మీటింగులకీ శుభకార్యాలకీ కమసు. దానికి మాత్రం త్వరగా విప్పి పెట్టుకునే పిన్నులున్న గోధుమరంగు తోలు స్ట్రాప్ ఇంకొకటి ఆర్డర్ పెట్టాను. మాఘమాసంలో మూడు పెళ్లిళ్లున్నాయి.