ప్రింటర్ బాగానే ఉంది, చిరునామానే మారింది

నిన్న సాయంత్రం రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది. ఆ వెంటనే పదో తరగతి పిల్లల కోసం ముప్పై ఆరు పేజీల లెక్కల పత్రాలు ప్రింటు తీశాను. ఒక్కటి కూడా ఆగలేదు. నెలన్నరగా ఎదురుచూసిన రోజు ఇది.

ఇంటికి కొత్త ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించడంతో మొదలైంది. కొత్త రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫైలు రెండింటినీ ఒకే పేరుతో ఇస్తుంది. నా ప్రింటర్‌కు 2.4 మాత్రమే అందుతుంది. రౌటర్ సెట్టింగుల్లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టగానే కలిసింది. ఇది పది నిమిషాల పని.

అసలు బాధ తర్వాత మొదలైంది. మూడు రోజులు బాగా పనిచేసేది, నాలుగో రోజు కంప్యూటర్ ‘ఆఫ్‌లైన్’ అనేది. ప్రింటర్ మీద వైఫై దీపం మాత్రం నిలకడగా వెలుగుతూనే ఉండేది. తీసేసి మళ్లీ కలిపితే ఇంకో మూడు రోజులు. చివరికి సర్వీసు కేంద్రానికి ఫోను చేశాను.

వచ్చిన కుర్రవాడు ప్రింటర్ బటన్లు నొక్కి ఒక నెట్‌వర్క్ రిపోర్టు తీశాడు. దాన్ని సరిగా చూడనైనా చూడకుండా, వైఫై కార్డు పోయిందని, మూడు వేల ఐదు వందలు అవుతుందని చెప్పాడు. దీపం వెలుగుతోంది కదా అని అడిగాను. “ఈ వయసులో ఇవన్నీ మీకెందుకు మేడమ్? ఇంట్లో కుర్రవాళ్లెవరైనా ఉంటే మాట్లాడించండి” అన్నాడు. గదిలో పదకొండు మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. ముప్పై రెండేళ్లు గణితం చెప్పిన దాన్ని. ఏ పిల్లవాడు ఎంత చిన్న ప్రశ్న అడిగినా ‘నీకెందుకు’ అనలేదు. వచ్చినందుకు నాలుగు వందలు తీసుకుని వెళ్లాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అతను వదిలేసిన కాగితాన్ని మరునాడు చదివాను. సిగ్నల్ బాగుంది, కనెక్షన్ ఉంది అని అందులోనే అచ్చయి ఉంది. ఐపీ చిరునామా, అంటే ఇంటి వైఫైలో ఒక్కో పరికరానికి రౌటర్ ఇచ్చే అంకెల చిరునామా, 192.168.1.5. రెండు రోజుల తర్వాత మళ్లీ ఆఫ్‌లైన్ అనగానే ఇంకో రిపోర్టు తీసి పక్కన పెట్టాను. అన్నీ ఒకటే, చివరి అంకె మాత్రం 9. కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్టు, అంటే కంప్యూటర్ పేజీలను ఏ చిరునామాకు పంపుతుందో ఆ చోటు, చూస్తే అక్కడ ఇంకా 5 ఉంది. మధ్యలో జరిగింది ఒక్కటే, కరెంటు పోయింది. రౌటర్ మళ్లీ మొదలైనప్పుడు చిరునామాలను కొత్తగా పంచింది. 5 మా టీవీకి వెళ్లింది. కంప్యూటర్ పాత చిరునామాకే పంపుతూ కూర్చుంది.

రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూసి, బ్రౌజర్‌లో దాని సెట్టింగుల పేజీ తెరిచాను. చిరునామా రిజర్వేషన్ అనే చోట ప్రింటర్ మ్యాక్ చిరునామా, అంటే ఆ పరికరానికి తయారీలోనే ఇచ్చిన గుర్తు, రిపోర్టులో రెండేసి అంకెలు, అక్షరాల చొప్పున ఆరు జతలుగా ఉండేది, ఎక్కించి 5ను దానికే కేటాయించాను. రౌటర్, టీవీ, ప్రింటర్ మూడింటినీ ఆపి మళ్లీ వేశాను. కంప్యూటర్‌లో ఏమీ మార్చనక్కరలేకపోయింది.

మీ ఇంట్లోనూ ఇలాగే అయితే ముందు రిపోర్టు తీయండి. చాలా ప్రింటర్లలో అది మెనూలోనో బటన్లతోనో వస్తుంది. బాగున్న రోజుది ఒకటి, ఆగిపోయిన రోజుది ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. సర్వీసు మనిషి ఏదైనా భాగం పోయిందంటే అది ఎందులో కనిపిస్తోందో వేలు పెట్టి చూపించమనండి. చూపించకపోతే డబ్బు ఇవ్వకండి. రశీదు లేకుండా అసలే ఇవ్వకండి. నేను ఇచ్చాను, ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఈ ఉదయం సర్వీసు కేంద్రానికి ఫోను చేసి రెండు రిపోర్టుల సంగతీ చెప్పాను. నాలుగు వందలు అడగలేదు. పిల్లల ముందు అన్న మాటను ఆ అబ్బాయి పిల్లల ముందే వెనక్కి తీసుకోవాలని అడిగాను. పై అధికారితో మాట్లాడి చెబుతామన్నారు.