మైలుతుత్తం నీళ్లలో రాగి పూత

విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటుతో ద్రావణంలోని పదార్థాన్ని విడగొట్టడం, బోర్డు మీద చెప్తే మా సత్యనారాయణపురం ట్యూషన్ పిల్లలు ఆవలిస్తారు. అందుకే గాజు గ్లాసు నీళ్లలో మైలుతుత్తం (నీలం రంగు కాపర్ సల్ఫేట్) కలిపి బల్ల మీద పెడతాను. మైలుతుత్తంతో చేసి పంట తెగుళ్లకి కొట్టే బోర్డో మిశ్రమం పుణ్యమా అని ఈ పక్క రైతుల ఇళ్ల పిల్లలకి అదేం కొత్త సరుకు కాదు.

ఇనప మేకు మాత్రం వద్దు. కరెంటు లేకుండానే దాని మీద రాగి పేరుకుంటుంది గానీ, వేలితో రుద్దితే ఊడొస్తుంది. ఇత్తడి తాళంచెవి మేలు. చింతపండుతో తోమి, కడిగి, 1.5 వోల్టుల సెల్ మైనస్‌కి కలపాలి. ప్లస్‌కి రాగి తీగ. రెండూ ఆ నీళ్లలో మునగాలి. కాసేపటికి పసుపు పోయి గులాబీ ఛాయ వస్తుంది.

"సార్, నీళ్లలో రాగి అయిపోదా?" అని ఒకమ్మాయి అడిగింది. అదీ ప్రశ్నంటే! తాళంచెవి మీద ఎంత చేరుతుందో తీగ నుంచి దాదాపు అంతే కరుగుతుంది, అందుకే నీలం తగ్గదు. తీగ బదులు పెన్సిల్ ములుకు పెట్టి, ఇంకో సెల్ జోడించి చూడండి. ములుకు దగ్గర ఆక్సిజన్ బుడగలొస్తాయి, నీలం మెల్లగా వెలిసిపోతుంది. నాకు ఈ రెండో ఆటే ఎక్కువ ఇష్టం.

పారిన విద్యుత్తుని బట్టే పూత బరువని శాస్త్రవేత్త ఫారడే 1830ల్లోనే తేల్చాడు. ఒక ఆంపియర్ గంటసేపు పారితే రాగి సుమారు 1.19 గ్రాములు.

వన్‌టౌన్‌లో అమ్మే గోల్డ్ ప్లేటింగ్ గాజులకీ ఇదే సూత్రం. కాకపోతే బంగారం ద్రావణాల్లో సాధారణంగా సైనైడ్ ఉంటుంది, ఇంట్లో దాని జోలికి పోవద్దు. మైలుతుత్తమూ విషమే. ఆ గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదు.