వేడెక్కితేనే గట్టిపడే బ్రేకు

శనివారం. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే పాత డీజిల్ కారు ఒకటి పొద్దున్నే ఒంగోలు షెడ్డుకు వచ్చింది. "బ్రేకు గట్టిగా ఉందన్నా, ఎంత తొక్కినా దిగట్లా" అన్నాడు డ్రైవరు. బూస్టర్ (కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే డబ్బా) పోయిందని ఎవరో చెప్పారట, డిక్కీలో సెకండ్‌హ్యాండ్ బూస్టర్ కూడా సిద్ధంగా పెట్టుకొచ్చాడు.

పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే లైన్లో గాలి పట్టిందో, మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్‌ను చక్రాల దాకా తోసేది) వాషర్లు అరిగాయో చూడాలి. గట్టిగా ఉండి బండి ఆగకపోతే మాత్రం ముందు వాక్యూమ్ (గాలి లాగేసిన ఖాళీ) సంగతి తేల్చాలి. బూస్టర్ లోపల రబ్బరు డయాఫ్రమ్‌కు రెండు పక్కలా వాక్యూమ్ ఉంటుంది. పెడల్ తొక్కగానే వెనక పక్కకు బయటి గాలి వస్తుంది. ఆ తేడాయే మాస్టర్ సిలిండర్‌ను తోస్తుంది. పెట్రోల్ బండికి వాక్యూమ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టం) నుంచి వస్తుంది, ఐడిల్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచేటప్పుడు) గేజీ మీద 18 నుంచి 22 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తుంది. డీజిల్‌కు విడిగా పంపు కావాలి. కొన్ని బండ్లలో అది ఆల్టర్నేటర్ వెనక, కొన్నింటిలో క్యామ్‌షాఫ్ట్ చివర ఉంటుంది. పంపు బాగుంటే 25 అంగుళాలు దాటాలి.

ముందు కాలితో చేసే పరీక్షలు. ఇంజిన్ ఆపి, పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, లోపలున్న వాక్యూమ్ ఖాళీ చేయాలి. కాలు తీయకుండా స్టార్టు చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగింది. రెండు నిమిషాలు నడిపి, ఆపి తొక్కితే మొదటిసారి లోతుగా పోయి, తర్వాత ఒక్కోసారికీ పైపైన ఆగుతూ రావాలి. అలాగే వచ్చింది. ఇంజిన్ నడుస్తుండగా తొక్కిపట్టి, ఆపేసి, 30 సెకన్లు అలాగే ఉంచితే పెడల్ పైకి తన్నలేదు. కాళ్ళ దగ్గర బుస్సుమనే చప్పుడు కూడా లేదు. బూస్టర్ బాగున్నట్టే. చాలాచోట్ల ఇక్కడే పని ఆపేసి "ఏమీ లేదు, తోలుకో" అంటారు. ఇవన్నీ చల్లటి ఇంజిన్ మీద చేసిన పరీక్షలని గుర్తుంచుకోరు.

ఎప్పుడు గట్టిపడుతుందని డ్రైవర్ని అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. "సంతనూతలపాడు దాటినాకన్నా. మొదటిసారి బానే పడుద్ది. ఎంటనే రెండుమూడు సార్లు తొక్కితే బిగుసుకుపోద్ది. కాసేపాగితే మళ్ళీ మామూలే." అంటే బూస్టర్‌లో వాక్యూమ్ నిలుస్తోంది, వాడుకున్నాక తిరిగి నిండటానికే ఆలస్యమవుతోంది. అయితే పంపు నీరసించి ఉండాలి, లేదంటే దారి మూసుకుపోతూ ఉండాలి.

రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ వేడెక్కించి, గేజీ నేరుగా పంపు ముక్కుకు తగిలిస్తే కొన్ని సెకన్లలోనే 27 అంగుళాలు. పంపుకు ఢోకా లేదు. అదే గేజీ టీ ముక్కతో (మూడు దారుల జాయింటుతో) బూస్టర్ దగ్గర కలిపి వరసగా మూడుసార్లు తొక్కితే ముల్లు 8 దగ్గరికి పడిపోయి, పైకి రావడానికి నానా తంటాలు పడింది. పంపు నుంచి బూస్టర్‌కు పోయే హోస్ మీద చెయ్యేస్తే ఇంజిన్ వెనక వంపు దగ్గర అప్పడంలా చదునైపోయింది. కోసి చూస్తే లోపలి పొర మెత్తబడి అతుక్కుపోయి ఉంది. అది వాక్యూమ్ హోసే కాదు, మామూలు నీళ్ళ హోస్. లోపలి నుంచి వచ్చే ఒత్తిడిని తట్టుకోవడానికి చేసిన పైపు పీల్పుకు నిలబడదు. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు బిగువుతో ఎలాగో నెట్టుకొస్తుంది, వేడికి వదులైపోతుంది.

కొత్తది లోపల నూలు అల్లిక ఉన్న బ్రేక్ వాక్యూమ్ హోసే వేయాలి. లోపలి కొలత ముక్కుకు బిగువుగా ఎక్కాలి. వదులుగా ఉంటే క్లిప్పు ఎంత బిగించినా గాలి లాగుతుంది, అతిగా బిగిస్తే క్లిప్పు రబ్బరును కోసేస్తుంది. మధ్యలో ఉండే చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపుకే వదిలేది) మీద బాణం పంపు వైపు చూపాలి. తిరగేసి పెడితే బూస్టర్‌కు వాక్యూమే అందదు. తీసినప్పుడే నోటితో ఊదితే చాలు, బూస్టర్ వైపు నుంచి గాలి పోవాలి, ఇంజిన్ వైపు నుంచి పోకూడదు. ఇది బాగానే ఉంది. హోస్‌ను టర్బోకు దూరంగా, మడత పడకుండా తిప్పి కట్టాం.

క్వారీ దుమ్ములో తిరిగే బండి కాబట్టి పెడల్ రాడ్డు మీది రబ్బరు తొడుగు కూడా వెనక్కి లాగి చూశాం. దాని లోపల చిన్న స్పాంజి ఫిల్టర్ ఉంటుంది, బూస్టర్‌కు బయటి గాలి పోయేది దాని గుండానే. గ్రానైట్ పొడితో అది సగం పూడుకుపోయింది. ఇలా పూడుకుంటూ పోతే మెల్లగా తొక్కినప్పుడు తేడా తెలియదు, గబుక్కున తొక్కితే మాత్రం పెడల్ ఎదురుతిరుగుతుంది. ముందు చక్రాలు విప్పితే ఎడమ క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) కింది పిన్ను కూడా పట్టేసి ఉంది. తుడిచి సిలికాన్ గ్రీజు పెట్టాం. మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూట్లు ఉబ్బి పిన్ను మళ్ళీ బిగుసుకుంటుంది.

మధ్యాహ్నం కర్నూలు రోడ్డు మీద బాగా వేడెక్కేదాకా తిప్పి, ఖాళీ జాగాలో వరసగా తొక్కి చూస్తే పెడల్ ఒకే తీరుగా ఉంది. గేజీ ప్రతిసారీ వెంటనే పాత అంకెకు చేరింది.

పోయేముందు డ్రైవరు, శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు డీజిల్ కలిసొస్తుందని ఇంజిన్ ఆపి దొర్లిస్తానన్నాడు. గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది, బూస్టర్‌లో మిగిలింది రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత కొత్త హోస్ ఉన్నా పెడల్ గట్టిపడుతుంది. ఘాట్‌లో రెండో గేరులో, ఇంజిన్ నడుస్తూ దిగాల్సిందే.

డిక్కీలోని బూస్టర్‌ను కూడా ఒకసారి చూశాం. మాస్టర్ సిలిండర్ కూర్చునే చోట, లోపల బ్రేక్ ఆయిల్ తడి ఉంది. ఆయిల్ తగిలిన డయాఫ్రమ్ ఉబ్బి పాడవుతుంది, పెద్దగా పనికిరాదు. కొన్నచోటే వెనక్కిచ్చి డబ్బులు అడగమన్నాం.