కొలత చూపని బిల్లు: వీల్ అలైన్‌మెంట్‌తో నా అనుభవం

ఆగస్టులో ఒక సాయంత్రం తెనాలిలో అమ్మను చూసి దుగ్గిరాల మీదుగా విజయవాడకు తిరిగి వస్తున్నాను. వాన నీళ్ళు నిండిన గుంత కనిపించక కారు ఎడమ ముందు చక్రం దబ్బున అందులో పడింది. దిగి చూస్తే టైరు బాగానే ఉంది, రిమ్ము వంగలేదు. మర్నాడు బడికి వెళ్తున్నప్పుడు మాత్రం తేడా తెలిసింది. కారు తిన్నగా పోవాలంటే స్టీరింగును కాస్త కుడివైపు తిప్పి పట్టుకోవలసి వస్తోంది. పట్టు సడలిస్తే ఎడమ పక్కకు లాగుతోంది.

మన రోడ్లు వాన నీరు పోయేందుకు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటాయి. ఎడమ పక్కన నడిచే మన బండ్లన్నీ ఆ వాలుకు కొద్దిగా ఎడమకు మళ్ళడం సహజం. నాదీ అంతేననుకుని మూడు వారాలు ఊరుకున్నాను. చివరికి బాగా చదునుగా ఉన్న రోడ్డు మీద నడిపి చూశాను. అక్కడ కూడా లాగింది. ఇక అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేసే పని, చేయించక తప్పదని అర్థమైంది.

ఇంటికి దగ్గరలోని టైర్ల దుకాణం ముందు బోర్డు మీద "కంప్యూటర్ అలైన్‌మెంట్ రూ. 350" అని రాసి ఉంది. కారు ఇచ్చి కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలకు పని కుర్రాడు వచ్చి, "క్యాంబర్ పోయింది మేడమ్, సరి చేయాలి. బ్యాలెన్సింగ్ కూడా చేసేస్తాం" అన్నాడు. క్యాంబర్ ఎంత ఉండాలి, ఇప్పుడు ఎంత ఉంది అని అడిగాను. "అది చెప్పినా మీకు అర్థం కాదు మేడమ్" అన్నాడు. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. కోణం అంటే ఏమిటో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వివరిస్తున్నాను. అయినా ఆ క్షణంలో పట్టుబట్టలేదు. బడికి ఆలస్యమవుతోందని సరే అన్నాను.

బిల్లు 2,405 రూపాయలు అయింది. అలైన్‌మెంట్ 350, నాలుగు చక్రాల బ్యాలెన్సింగ్ 400, బ్యాలెన్సింగ్ కోసం చక్రాలకు అంటించిన బరువులు 85 గ్రాములకు 255, రెండు చక్రాలకు క్యాంబర్ కరెక్షన్ 1,200, నైట్రోజన్ గాలికి 200. తెల్ల కాగితం మీద పెన్నుతో రాసి ఇచ్చారు. అలైన్‌మెంట్ రిపోర్టు అడిగితే ప్రింటరు పని చేయడం లేదన్నారు. బోర్డు మీద చూసిన ధరకు దాదాపు ఏడు రెట్లు కట్టి బయటికి వచ్చాను. నాలుగు రోజులు కారు తిన్నగానే నడిచింది. ఐదో రోజు మళ్ళీ ఎడమకు లాగింది.

అప్పుడు నాకు కలిగిన కోపం డబ్బు గురించి మాత్రమే కాదు. కోణం కొలిచే పనికి డబ్బు తీసుకుని, కొలిచిన అంకె ఒక్కటి కూడా చెప్పకుండా పంపించారు. పరీక్ష పెట్టి మార్కులు చెప్పని బడి ఉంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా?

ఆ ఆదివారం కూర్చుని కారుతో వచ్చిన పుస్తకం చదివాను. మెకానిక్ పని తెలిసిన బంధువు ఒకరిని ఫోనులో గంటసేపు అడిగాను. అప్పుడు నాకు తెలిసినంత వరకు విషయం ఇది. అలైన్‌మెంట్‌లో ముఖ్యంగా మూడు కోణాలు చూస్తారు. మొదటిది టో. పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాలు సమాంతరంగా ఉన్నాయా, మనిషి పాదాల్లాగా లోపలికో బయటికో తిరిగి ఉన్నాయా అన్నది ఇది చెబుతుంది. రెండోది క్యాంబర్. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, పక్కకు వాలిందా అన్నది. మూడోది క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు కాస్త వెనక్కి వాలి ఉంటుంది కదా, కారు చక్రం తిరిగే ఇరుసుకూ అటువంటి వాలు ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను మధ్యకు రావడానికి ప్రధాన కారణం ఈ వాలే.

ఈ మూడింటిలో నా స్విఫ్ట్ వంటి చిన్న కార్లు చాలావాటిలో మామూలుగా సరి చేయగలిగింది ముందు చక్రాల టో ఒక్కటే. వెనుక ఇరుసు ఒకే దూలంగా ఉంటుంది, అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు. ముందు క్యాంబర్‌కు కూడా తిప్పే నట్టు వేరుగా ఉండదు. మరి కొన్ని దుకాణాల్లో చేసే క్యాంబర్ కరెక్షన్ ఏమిటి? హైడ్రాలిక్ పరికరంతో సస్పెన్షన్ భాగాన్ని నెట్టి కోణం మార్చడం, లేదా ప్రత్యేకమైన బోల్టు వేయడం. క్యాంబర్ నిజంగా పరిమితి దాటి ఉంటే ఏదో ఒక భాగం వంగిందనో, అరిగిందనో అర్థం. దాన్ని కనిపెట్టకుండా మరో భాగాన్ని వంచి అంకెను సరిపెట్టడం సరైన వైద్యం కాదని నేను నమ్ముతున్నాను.

బ్యాలెన్సింగ్ సంగతి వేరు. చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోతే గంటకు 80, 100 కిలోమీటర్ల వేగంలో స్టీరింగు వణుకుతుంది. నా కారు ఏనాడూ వణకలేదు, పక్కకు లాగింది. వణుకుకు బ్యాలెన్సింగ్, లాగడానికి అలైన్‌మెంట్. ఈ తేడా తెలియకపోవడం వల్ల 655 రూపాయలు పోయాయి.

తరువాతి శనివారం ఆటోనగర్ వెళ్ళాను. ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క పనికి దుకాణాలు ఉండే పేట అది. ఎక్కడ బాగా చేస్తారని బడి బస్సు డ్రైవరును అడిగితే ఒక చిన్న షెడ్డు చెప్పాడు. అక్కడి పెద్ద మేస్త్రి గారికి అరవై ఏళ్ళు ఉంటాయి. కారు ఆపగానే నేను ముందుగా అనుకున్న మాటలు చెప్పేశాను. "మేస్త్రి గారూ, అలైన్‌మెంట్‌కు ఎంత, ఇంకేమైనా పని తేలితే దానికి ఎంత అన్నది నాకు చెప్పాకే చేయండి. చేసే ముందు ఒక రిపోర్టు, చేశాక ఒక రిపోర్టు కావాలి." ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "అలైన్‌మెంట్ 500 అమ్మా. కాగితాలు రెండూ ఇస్తాం. ముందు బండిని చూడనివ్వండి" అన్నారు.

చూడటం అంటే ఏమిటో అక్కడ తెలిసింది. మిషను దగ్గరికి పోకముందే నాలుగు టైర్లలో గాలి కొలిచారు. ఎడమ ముందు టైరులో 24 పీఎస్‌ఐ మాత్రమే ఉంది. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసిన అంకెకు అన్నింటినీ సరిచేశారు. గాలి తక్కువైన పక్కకే కారు లాగుతుంది కాబట్టి ఇది చూడకుండా కోణాలు కొలవడం వృథా అన్నారు. తరువాత స్టీరింగు పూర్తిగా తిప్పించి, నా చేతిని ఎడమ టైరు లోపలి అంచు మీద పెట్టించారు. బయటి నుంచి చూస్తే బాగా కనిపించే టైరు లోపలి అంచున అరుగుదల గుర్తు దాకా, అంటే 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగిపోయి ఉంది. అరచేతిని ఒక దిశలో జరిపితే నున్నగా, ఎదురు దిశలో జరిపితే రంపం పళ్ళలా గరుకుగా తగిలింది. టో సరిగా లేకపోతే టైరు ఇలాగే అరుగుతుందట. "ఇది మూడు వారాల అరుగుదల కాదమ్మా, ఎప్పటి నుంచో ఉంది. గుంత దాన్ని బయట పెట్టింది" అన్నారు.

అప్పుడు కారును లేపి, ఎడమ చక్రాన్ని గడియారంలో 3, 9 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని ఊపారు. టకటకమని కదిలింది. 12, 6 ఉండే చోట పట్టుకుని ఊపితే కదల్లేదు. పైకీ కిందికీ కదిలితే బేరింగో, బాల్ జాయింటో అనుమానించాలి. పక్కలకు కదిలితే ముందుగా టై రాడ్ ఎండ్ చూడాలి. స్టీరింగు నుంచి వచ్చే కడ్డీ చివర చక్రాన్ని పట్టుకుని ఉండే చిన్న గుండ్రటి కీలు అది. నా కారులో ఎడమది పూర్తిగా వదులైపోయింది.

తరువాత ఆయన చూపించినది నేను మా పదో తరగతి పిల్లలకు చెప్పాను. కారును మిషను మీదికి ఎక్కించి, ముందు చక్రాలను తిరిగే పళ్ళేల మీద నిలిపి, నాలుగు చక్రాలకు చుక్కల పలకలు బిగించారు. ఎదురుగా స్తంభం మీద ఉన్న కెమెరాలు ఆ పలకలను చూస్తూ ఉంటాయి. కారును కొద్దిగా వెనక్కీ ముందుకూ దొర్లించగానే తెర మీద అంకెలు వచ్చాయి. ఆయన తెరను నా వైపు తిప్పి, ఎడమ చక్రాన్ని చేత్తో లోపలికి నెట్టారు. అంకె మారింది. వదిలేశారు, మళ్ళీ మారింది. చేత్తో నెడితే మారిపోయే కోణాన్ని ఎంత జాగ్రత్తగా సరిచేసినా ఏం లాభం? నాలుగు రోజుల్లో కారు మళ్ళీ ఎందుకు లాగిందో నాకు అప్పుడు అర్థమైంది. మొదటి దుకాణంలో చక్రాన్ని ఒక్కసారి పట్టుకుని ఊపి ఉంటే సరిపోయేది.

మొదటి కాగితం ప్రింటు తీసి ఇచ్చారు. ఎడమ టో మైనస్ 0.38 డిగ్రీలు, కుడి మైనస్ 0.04. నా కారుకు ఒక్కొక్క చక్రానికి 0.08 లోపు ఉండాలని అదే కాగితం మీద పక్కన రాసి ఉంది. రెండు చక్రాలూ కలిపి 0.42 డిగ్రీలు బయటికి తిరిగి ఉన్నాయి. వినడానికి ఎంతో చిన్న అంకె. ఇంటికి వెళ్ళాక లెక్క వేశాను. కారు తిన్నగా పోతున్నప్పుడు ఆ తేడాను రెండు చక్రాలూ సగం సగం పంచుకుంటాయి. అంటే ఒక్కొక్కటి 0.21 డిగ్రీలు. దాని సైను విలువతో హెచ్చిస్తే, ప్రతి కిలోమీటరుకు టైరు దాదాపు 3.7 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోతున్నట్టు. 10,000 కిలోమీటర్లు తిరిగితే 36 కిలోమీటర్లకు పైగా. ఇంచుమించు విజయవాడ నుంచి తెనాలి దాకా టైరును అడ్డంగా ఈడ్చినట్టే. లోపలి అంచు ఎందుకు పోయిందని ఇక ఎవరినీ అడగనక్కరలేదు.

క్యాంబర్ రెండు వైపులా పరిమితిలోనే ఉంది. అయితే మొదటి దుకాణంలో దాన్ని ముట్టుకోకముందు ఎంత ఉందో చెప్పే కాగితం నా దగ్గర లేదు. ఆ 1,200 రూపాయల పని అవసరమైనదో కాదో నాకు ఇక ఎప్పటికీ తెలియదు. కాగితం అడిగి తీసుకోవాలని నేను అందరికీ పదే పదే చెబుతున్నది ఇందుకే.

టైర్లు కొనక తప్పలేదు. రెండు కొత్త టైర్లకు 9,600 అయింది. కొత్తవి ముందు వేస్తారనుకున్నాను కానీ, వెనుక వేసి వెనుకవి ముందుకు తెచ్చారు. తడి రోడ్డు మీద వెనుక చక్రాలు జారితే మామూలు డ్రైవరు కారును అదుపు చేయడం కష్టమని, అందుకే మంచి టైర్లు వెనుక ఉండాలని చెప్పారు. టై రాడ్ ఎండ్ మార్చారు. ఆ తరువాతే అలైన్‌మెంట్ మొదలుపెట్టారు. ఈ వరుస ముఖ్యం. టైర్లు కానీ స్టీరింగు భాగాలు కానీ మార్చే పని ఉంటే అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర ఉండాలి. లేకపోతే రెండుసార్లు డబ్బు కట్టాలి.

అసలు పని అరగంట పట్టింది. బ్రేకు పెడలును ఒక కర్రతో నొక్కి ఉంచి, స్టీరింగును ఎడమకూ కుడికీ తిప్పి క్యాస్టర్ కొలిచారు. తరువాత స్టీరింగును సరిగ్గా మధ్యలో ఉంచి బిగించారు. ఇది బిగించకపోతే చక్రాలు తిన్నగా ఉన్నా స్టీరింగు వంకరగా నిలుస్తుంది. కుర్రాడు కింద కూర్చుని టై రాడ్ లాక్ నట్టు వదులు చేసి కడ్డీని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, తెర మీద ఎరుపు అంకె పచ్చగా మారింది. రెండో కాగితం మీద ఎడమ 0.03, కుడి 0.02. ఆ తరువాత మేస్త్రి గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిపి చూపించారు. కొన్ని కొత్త కార్లలో స్టీరింగు కోణాన్ని గుర్తించే సెన్సరు ఉంటుందని, అలైన్‌మెంట్ తరువాత దాన్ని కూడా రీసెట్ చేయించాలని దారిలో చెప్పారు.

టైర్లు కాక అలైన్‌మెంట్, టై రాడ్ ఎండ్, దాని బిగింపు కూలి, పన్ను అన్నీ కలిపి 1,450 రూపాయలు. ప్రతి అంకె పక్కన దేనికో రాసి ఉంది. అలైన్‌మెంట్ చేయించాక కూడా కారు లాగితే ఏం చేయాలని అడిగాను. ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి చూడమన్నారు. లాగుడు రెండో పక్కకు మారితే తప్పు టైరుది, మారకపోతే బ్రేకు పట్టేస్తోందేమో చూడాలి అన్నారు.

ఆ రెండు కాగితాలూ కారులోనే ఫైలులో పెట్టాను. 5,000 కిలోమీటర్లు తిరిగాక, సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ ఆ షెడ్డుకే వెళ్ళాను. గాలి చూసి, చక్రాలు ఊపి, పలకలు బిగించి కొలిచారు. తెర మీద అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. "తిప్పవలసింది ఏమీ లేదమ్మా. చూశాం కాబట్టి 200 ఇవ్వండి చాలు" అన్నారు మేస్త్రి గారు. నేను 500 ఇచ్చి, కాగితం ప్రింటు తీసి ఇమ్మన్నాను.