నాన్న వాచీ

"ఇంక తిప్పకు, స్ప్రింగు తెగుతుంది" అంది అమ్మ వంటింట్లోంచే. ఆ సన్నని కరకర శబ్దం అంత దూరం ఎలా వినిపించిందో!

ఈ రోజు నాన్న ఆబ్దికం. బీరువాలో ఆయన పంచె కోసం వెతుకుతుంటే హెచ్ఎంటి జనతా వాచీ చేతికి తగిలింది. తెల్లని డయలు అంచుల్లో పసుపెక్కింది. సరదాగా కీ ఇవ్వబోతే రెండు చుట్లకే బిగుసుకుంది.

ఆగిపోయిన వాచీ అలా బిగుసుకోదు. ఒకసారి పూర్తిగా కీ ఇస్తే అది నడిచేది మహా అయితే ఒకటి రెండు రోజులు. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్ మంటోంది. నాన్న పోయి ఆరేళ్లు. ఆ వాచీలు చేసిన కంపెనీయే 2016లో మూతపడింది.

ఫోనులో టైము చూశాను. వాచీ సరిగ్గా ఐదు నిమిషాలు ముందుంది.

ఆ ఐదు నిమిషాల మీద మా ఇంట్లో ఎన్ని గొడవలో! రైలుకు గంట ముందే స్టేషనులో కూర్చోబెట్టేవారు. "మీ తొందర తగలెయ్య, కాఫీ కూడా తాగనివ్వరు" అని అమ్మ దారి పొడుగునా సణిగేది. నాకేమో ఆ లక్షణం రవ్వంత కూడా అబ్బలేదు, ఈ రోజు కూడా పురోహితుడు వచ్చాకే స్నానానికి వెళ్లాను.

"అమ్మా, టైము సరిచేయనా?" అని అడిగాను.

చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి వాచీ తీసుకుంది. "దాని జోలికి పోకు. వెళ్లి విస్తరాకులు కడుగు."