రెండు మలుపుల రిగ్రెషన్: ఆర్‌లో నేను చేసే తీరు

ఢిల్లీ లాంటి ఊళ్లో రోజువారీ కరెంటు వాడకాన్ని సగటు ఉష్ణోగ్రతతో కలిపి గీస్తే పళ్లెం ఆకారం వస్తుంది. చలికి హీటర్లు, ఎండకి ఏసీలు, మధ్యలో చదును. దీనికి రెండు మలుపు బిందువులు, అంటే గీత వాలు మారే ఉష్ణోగ్రతలు, కావాలి. వాటిని అంచనా వేయడానికి నేను గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్‌లో 'సెగ్మెంటెడ్' ప్యాకేజీ వాడతాను.

ముందు మామూలు 'ఎల్ఎమ్' (సరళరేఖ రిగ్రెషన్) మోడల్ కట్టాలి. ఆదివారాలు, సెలవులు అందులోనే చేర్చాలి. వాటి ఎగుడుదిగుళ్లు మిగిలిపోతే మలుపులు మసకబారతాయి.

ఇక్కడ 'ఎన్‌పీఎస్ఐ=2', అంటే రెండు మలుపులు నువ్వే వెతుక్కో, అని ఇచ్చి వదిలేయడం నాకు నచ్చదు. అంచనా ఏదో ఒక స్థానిక కనిష్ఠం (చుట్టుపక్కల మాత్రమే మెరుగైన జవాబు) దగ్గర ఆగిపోవచ్చు. పైగా లోపల బూట్‌స్ట్రాప్ (డేటాలోంచి యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ నమూనాలు తీయడం) ఉంది కాబట్టి, ఆ యాదృచ్ఛికతకి మూలమైన 'సీడ్' సంఖ్య మారితే ఒకసారి వచ్చిన జవాబు మరోసారి రాకపోవచ్చు. అందుకే ముందు చేత్తో వెతుకుతాను. 10 నుంచి 30 డిగ్రీల దాకా అర డిగ్రీ చొప్పున 41 విలువలు, ఎడమది కుడిదానికంటే చిన్నది కావాలంటే 820 జతలు. ఒక్కో జతకీ 'పీమ్యాక్స్'తో (సున్నా కంటే తక్కువైతే సున్నాగా ఉంచే ఫంక్షన్) రెండు చరాలు చేస్తాను: ఉష్ణోగ్రత ఎడమ బిందువుకి ఎంత కింద, కుడి బిందువుకి ఎంత పైన. ఎల్ఎమ్ నడిపి, అవశేషాల (అసలు విలువకీ మోడల్ చెప్పినదానికీ తేడాల) వర్గాల మొత్తం దాచుకుంటాను. ఆ మొత్తం అన్నిటికన్నా తగ్గిన జతే 'సెగ్మెంటెడ్'లో మలుపు బిందువులైన 'పీఎస్ఐ'కి ప్రారంభ విలువ.

ఆ 820 మొత్తాల్నీ బొమ్మగా చూడండి, తప్పకుండా. ఇరుకైన లోయ కనిపిస్తే బిందువు గట్టిగా దొరికినట్టే. చదునుగా పరుచుకుంటే డేటాలో ఆ సమాచారం లేదని అర్థం. విజయవాడలో ఇళ్లు వేడిచేసే అవసరమే రాదు, అక్కడ ఎడమ బిందువు కోసం పట్టుబట్టకూడదు. రెండు బిందువులూ పక్కపక్కకి చేరితే మధ్యలో ఇరుక్కున్న నాలుగైదు వింత రోజుల్ని పరిశీలించాలి.

'సెగ్మెంటెడ్' ఫలితాల 'సమ్మరీ'లో యూ1, యూ2 అని వచ్చేవి వాలులు కావు, వాలులో మార్పులు. అసలు వాలులకి 'స్లోప్' అడగాలి. మలుపే లేదన్న పరికల్పనలో ఆ బిందువుకి అర్థమే ఉండదు కాబట్టి మామూలు టీ పరీక్ష చెల్లదు, మలుపు ఉందా లేదా అని చూసే 'డేవీస్' పరీక్ష చేయాలి. మలుపు ఒకటా రెండా అన్నది బీఐసీతో (మోడల్ ఎంత బాగా సరిపోయిందో, ఎన్ని పరామితులు వాడిందో కలిపి తూచే కొలమానం) తేలుస్తాను. చేత్తో వెతికిన మోడల్‌కైతే పరామితుల లెక్కలో 2 కలపాలి, ఎల్ఎమ్‌కి ఆ బిందువుల సంగతి తెలియదు.

నా వెతుకులాటలో మధ్య వాలు సున్నా, 'సెగ్మెంటెడ్'లో అది స్వేచ్ఛగా ఉంటుంది. దాని విశ్వాస అంతరంలో (అసలు విలువ ఉండగల పరిధిలో) సున్నా ఉంటే, అదే ప్యాకేజీలోని 'సెగ్‌రెగ్' ఫంక్షన్‌లో 'ఎస్ట్' (ఏ వాలుల్ని అంచనా వేయాలో చెప్పేది) విలువ 1, 0, 1గా ఇచ్చి మధ్య భాగాన్ని చదును చేసి మళ్లీ నడుపుతాను.