డ్రిల్ సారు కత్తి

మన 1976 పదో తరగతి బ్యాచ్‌లో ఎవరు ఎదురుపడినా, పిల్లల సంగతులూ బీపీ మాత్రల సంగతులూ అయ్యాక నన్ను అడిగే మాట ఒకటుంది. "డ్రిల్ సారు కత్తి ఇంకా నీ దగ్గరే ఉందా?" ఉంది, భద్రంగా ఉంది. మన బ్యాచ్ కలయిక సంచికకు ఏదైనా రాయమనగానే నాకు ఆ కత్తే గుర్తొచ్చింది. దాని గురించి మనం చెప్పుకునే కథల్లో చాలావరకు నిజం కాదు. సారు మీద ఉన్న గౌరవం కొద్దీ, ఉన్నది ఉన్నట్టు ఒకచోట రాసి పెట్టాలని నా కోరిక.

సారు దాంతో బర్మా అడవుల్లో జపాన్ సైనికులను పొడిచారని హాస్టల్ పిల్లలు చెప్పుకునేవాళ్లు. సారు సైన్యంలోని ఇంజనీర్ల దళమైన మద్రాస్ సాపర్స్‌లో పనిచేసిన మాట నిజమే. బెంగుళూరులో ట్రైనింగ్, ఆ తర్వాత వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం ఆయన ఉద్యోగం. ఆయన పట్టాళంలో చేరేసరికే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిపోయింది. కత్తి కూడా పట్టాళం ఇచ్చింది కాదు. సెలవు మీద ఊరికి వస్తూ మద్రాసులో దిగినప్పుడు, సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌లో పాత సామాన్ల అంగట్లో కొనుక్కున్నారు. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం మన దేశంలో వదిలిపెట్టిన సరుకు డిస్పోజల్ పేరుతో అమ్ముడుపోయేది. బూట్లు, దుప్పట్లు, గుడారాలు, నీళ్ల సీసాలు, వాటితో పాటు ఇలాంటి కత్తులు. ఆ మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. వార్త తెలిసిన రోజు సారు చాలాసేపు దాని గురించే మాట్లాడారని వాళ్ల అమ్మాయి చెప్పింది.

మొత్తం పొడవు దాదాపు 12 అంగుళాలు, అందులో అలుగు, అంటే కోసే రేకు భాగం, 7. పిడికి దగ్గరగా ఒకవైపు కెమిలస్, న్యూయార్క్ అనీ, ఇంకోవైపు యు.ఎస్.ఎం.సి. అనీ అచ్చు ఉంటుంది. అంటే అమెరికా మెరైన్ దళం కత్తి. వాళ్లు ఈ నమూనాను 1942లో ఎంచుకున్నారు. జనం దీన్ని కా-బార్ అంటారు గానీ, యుద్ధకాలంలో చాలా కంపెనీలు ఇదే నమూనాలో తయారు చేశాయి. కెమిలస్ వాటిలో ఒకటి, ఆ కంపెనీ 2007లో మూతపడింది. అలుగు పక్కన పొడవుగా ఉండే గాడిని మనం "రక్తం కారే కాలవ" అనుకునేవాళ్లం. అదేం కాదు. బలం తగ్గకుండా బరువు తగ్గించడానికి పెట్టిన గాడి అది. సారు తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీ వాళ్ల ముఖాలు చిన్నబోవడం నాకు బాగా గుర్తు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది దాని పిడి. తోలును బిళ్లలుగా కోసి, లోపలి ఇనుప కడ్డీకి ఒకదాని మీద ఒకటి గుచ్చి, గట్టిగా బిగించి, చిత్రిక పట్టినట్టు నున్నగా చేశారు. చుట్టూ అయిదు గాడులు. చెమట చేతుల్లో కూడా జారదు. ఇన్నేళ్ల వాడకానికి తోలు ముదురు చింతపండు రంగుకు వచ్చింది. బొటనవేలు ఆనే చోట కొంచెం పల్లం పడింది. ఆ పల్లం సారు వేలిది. నా వేలు అందులో సరిగ్గా కుదరదు.

1974 దసరా సెలవుల్లో తలకోన స్కౌట్ క్యాంపుకు వచ్చినవాళ్లు ఈ భాగం చదువుతూ నవ్వుకుంటారు. నెరబైలు నుంచి మూటలు మోసుకుంటూ నడిచి, సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గరికి చేరేలోపే వాన పట్టుకుంది. దసరా నాటికి మన జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే కాలమే కదా. కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. కిరసనాయిలు పోసినా పొగ తప్ప మంట లేదు. అందరికీ ఆకలి, చిన్న పిల్లలకు ఏడుపు ఒక్కటే తక్కువ.

సారు ఏమీ కంగారు పడలేదు. నేలకు ఆనకుండా కొమ్మల మధ్య చిక్కుకున్న ఎండు కట్టె ఒకటి వెతికి తెచ్చారు. దాన్ని నిలబెట్టి, పైన కత్తి వాదర (పదునైన అంచు) ఆనించి, కత్తి వీపు మీద ఇంకో దుడ్డు కట్టెతో కొట్టారు. "పైన తడిసిందిరా, లోపల ఎండుగానే ఉంటాది, చూస్తాండు" అన్నారు. కట్టె నిలువునా రెండుగా చీలింది. లోపల నిజంగానే పొడిగా, లేత పసుపుగా ఉంది. దాన్ని మళ్లీ సన్న పుల్లలుగా చీల్చి, ఒక్కో పుల్ల మీద కత్తిని మెల్లగా జరుపుతూ పలచటి పీలికలు లేపారు. ఒక్కటి కూడా తెగి కింద పడలేదు. అన్నీ మొదట్లో కట్టెకే అంటుకుని ఈకల్లా చుట్ట తిరిగాయి. చొక్కా లోపల దాచుకున్న డబ్బాలోంచి అగ్గిపుల్ల తీసి ఒక్కసారే గీశారు. ఆ రాత్రి వేడి అన్నం, ఇళ్ల నుంచి తెచ్చుకున్న ఊరుబిండి పచ్చడి. ఆ తర్వాత ఎన్ని పెళ్లి భోజనాలు చేశానో గానీ అంత రుచి తగల్లేదు.

మర్నాడు అదే కత్తి వెనక వైపు బల్లపరుపు ఇనుప బిళ్లతో గుడారాల మేకులు దిగ్గొట్టాం, తాళ్లు కోశాం. అక్కడి అడవిలో పాకే గిల్లతీగ మీద గాటు పెట్టబోయిన ఒకడిని మాత్రం సారు చెయ్యి పట్టుకుని ఆపారు. పచ్చి చెట్టు మీద కత్తి పెట్టనిచ్చేవారు కాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. వెదురు నరకడానికి మన పల్లెల మచ్చుకత్తి దీనికంటే మేలు. ఉల్లిపాయ కోయాలంటే చిన్న చాకు మేలు. పెద్ద కత్తి చేతిలో ఉంటే అన్ని పనులూ అయిపోతాయనుకోవడం సినిమాల వల్ల వచ్చిన భ్రమ. మోయడానికి ఒకే పనిముట్టు వీలైనప్పుడు అన్ని పనులూ ఓ మోస్తరుగా చేయడమే దీని గొప్ప. సారు కూడా ఇదే చెప్పేవారు. పదును విషయంలో మాత్రం రాజీ లేదు. "మొద్దు కత్తే చెయ్యి కోస్తాది నాయనా. పదును లేకుంటే బలం పెడతావు, బలం పెడితే జారతాది" అని సానరాయి నా చేతిలో పెట్టేవారు. క్యాంపుల్లో తుడిచి నూనె రాసే పని నాకు అప్పగించింది ఆయనే.

నాకు ఉద్యోగం వచ్చాక ఒకసారి సారును చూడ్డానికి వెళ్తే, లోపలికి వెళ్లి కత్తి తెచ్చి తిన్నె మీద పెట్టారు. కత్తి చేతికి చెయ్యి ఇవ్వకూడదని ఆయన పట్టింపు. "నువ్వయితే తుప్పు పట్టనియ్యవు" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పటి నుంచి నా పద్ధతులు నావి. కత్తిని తోలు ఒరలో పెట్టి దాచను. తోలు తేమ పట్టి ఉంచుతుంది, ఇనుముకు అది చేటు. ఒర వేరే, కత్తి వేరే. పిడికి నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి బిళ్లలు వదులవుతాయి కాబట్టి కొంచెం మైనం రాస్తాను, అంతే. ఒర రివెట్ల దగ్గర పచ్చగా చిలుము పడితే పుల్లతో గీకి తీసేస్తాను. సాన చక్రం వాడికి ఎప్పుడూ ఇవ్వలేదు, ఇవ్వను. చక్రం వేడికి వాదర గట్టిదనం పోతుంది. ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కాదు, కార్బన్ ఉక్కు. వేసవిలో ఒకసారి మా మనవడు దీంతో పచ్చి బెంగుళూరా మామిడికాయ కోశాడు. అలుగు మీద నీలం నలుపు మచ్చలు తేలాయి, ఇప్పటికీ ఉన్నాయి. వాడు భయపడ్డాడు గానీ, పులుపు తగిలిన ఉక్కుకు అది సహజం, తుప్పు కాదు. ఆయుధ పూజ నాడు మా ఆవిడ అలుగుకు పసుపు కుంకుమ పెడుతుంది. సాయంత్రానికల్లా తుడిచేస్తాను.

కొందరు ఫోన్ చేసి ఇలాంటిది ఇంట్లో పెట్టుకుంటే కేసు కాదా అని టెన్షన్ పడుతున్నారు. ఆయుధ నిబంధనల జాబితాలోకి వచ్చేవి 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తులు. ఇది రెండిట్లోనూ లోపే. అయినా బయటికి తీసుకుని తిరగను. ఈసారి మన కలయికలో తిరుమల ప్రయాణం కూడా పెట్టారు, అలిపిరి తనిఖీలో ఎలాగూ ఒప్పుకోరు. చూడాలనుకున్నవాళ్లు చిత్తూరులో మా ఇంటికి రండి, కాఫీ తాగుతూ తీరిగ్గా చూడొచ్చు.

వచ్చేటప్పుడు తలకోన క్యాంపు ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. ఒర వెనక తోలు మీద మేకుతో గీసిన రెండు పొడి అక్షరాలున్నాయి, "శే. ర." అని. సారువి కావు, నావీ కావు. మనవాళ్లలోనే ఎవరో గీసి ఉంటారు. ఎవరో తెలిస్తే చెప్పండి.